వియ్యంకుడి పెన్‌డ్రైవ్

ఆ ప్రెస్సులో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. ప్రొప్రయిటరు మొదలుకొని కాగితం బేళ్ళు దించే మనిషి దాకా అందరికీ ఆమె ప్లేట్లమ్మ. కొత్తగా పరిచయమైనవాళ్ళు ఏ క్యాంటీన్‌లోనో పనిచేస్తుందనుకుంటారు. ఆమెవి వేరే ప్లేట్లు. అచ్చుయంత్రం ఎక్కేముందు ప్రతి పేజీ ఒక పల్చటి అల్యూమినియం రేకు మీదికి ఎక్కాలి. రంగుల పేజీ అయితే నాలుగు రేకులు. రేకు మీద లేజర్‌తో అక్షరాలు కాల్చే యంత్రం, దాన్ని నడిపే కంప్యూటరు, ఎప్పుడూ వెలిగే పసుపు దీపం, రేకులు కడిగే మందునీళ్ళ వాసన. ఇదీ ఆమె గది. అందులో ఇరవై రెండేళ్ళుగా ఉంది. ఆ పసుపు వెలుతురు కళ్ళకు ఎంత అలవాటైపోయిందంటే, గదిలోంచి బయటికొస్తే కాసేపు లోకమంతా నీలంగా కనపడుతుందిట.

కంప్యూటరుకి పద్నాలుగేళ్ళు. అందులోని విండోస్ బాగా పాతది. దానికి కొత్త రక్షణలు రావడం ఆగిపోయి చాలాకాలమైంది. పోనీ మార్చుదామంటే లేజర్ యంత్రం ఒప్పుకోదు. దానికి ఆ పాత కంప్యూటరు మాట తప్ప ఇంకెవరి మాటా తలకెక్కదు. కంప్యూటరుని మార్చాలంటే యంత్రాన్నీ పారెయ్యాలి. అందుకని దానికి ఇంటర్నెట్ తీగ తగిలించకుండా, గోషాలో ఉంచినట్టు ఉంచారు. బయటి లోకంతో దానికున్న సంబంధమల్లా పెన్‌డ్రైవ్ ఒక్కటే.

కనుక పెన్‌డ్రైవ్ ఏదైనా గుమ్మం దగ్గర ఆగాల్సిందే. గుమ్మం పక్కన ఒక బల్ల, దాని మీద మూత సగం విరిగిన పాత లాప్‌టాప్. అందులో విండోస్ లేదు, దాని బదులు లినక్స్ ఉంది. దాన్ని వేసిపెట్టింది ప్రెస్సు కంప్యూటర్లు బాగుచేసే మెకానిక్కు. అతన్ని అందరూ డాక్టరంటారు.

"మన వీధిలో తిరిగే వైరస్‌లన్నీ విండోస్ తినే జాతివమ్మా. దీని మీద వాటికి పళ్ళు దిగవు. లినక్స్‌ని తినేవి లేవని కాదు, ఉన్నాయి, పెద్ద పెద్ద సర్వర్ల మీద పడుతుంటాయి. మన గుమ్మం దాకా వచ్చేవి మాత్రం ఇవే. ఇందులో పెట్టి, అద్దాల పెట్టెలో పాముని చూసినట్టు చూడండి. దొరికితే చంపండి. ఎవర్నీ నమ్మకండి" అన్నాడు డాక్టరు.

ఆమె ఎవర్నీ నమ్మలేదు. అచ్చుయంత్రం మేస్త్రీని నమ్మలేదు, ప్రూఫులు దిద్దే మాస్టారిని నమ్మలేదు. ఒకరోజు ప్రొప్రయిటరే స్వయంగా పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చాడు.

"ఇది నాదేనమ్మా, సొంతం" అన్నాడు.

"సొంతానివైతే పురుగు పట్టదా అండీ?" అని లాప్‌టాప్‌కి గుచ్చింది.

పన్నెండు దొరికాయి. ఆ తర్వాత ఆయన తన పెన్‌డ్రైవ్‌ని గుమాస్తా చేత పంపడం మొదలుపెట్టాడు. ఏ రోజు ఎవరి పెన్‌డ్రైవ్‌లో ఏం దొరికిందో ఆమె ఒక పొడుగాటి పుస్తకంలో రాసుకునేది. ప్రెస్సులో ఆ పుస్తకానికి భయపడని మనిషి లేడు.

అందులో రెండేళ్ళుగా ఊసే లేని మనిషి మాత్రం ఒకాయన ఉన్నాడు. మేడ మీద గాజు గదిలో కూర్చునే డిజైనరు. పేజీలు కూర్చడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు, తన గురించి చెప్పుకోవడంలో అంతకంటే తిరిగినవాడు. ఆయనది మ్యాక్ కంప్యూటరు, విండోస్ జాతి కాదు. ప్రెస్సు మొత్తానికి అది ఒక్కటే. కింద ఎవరి కంప్యూటరు మొరాయించినా ఆయన మెట్లు దిగివచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, "పాపం, విండోస్ కదా" అనేవాడు. ఎవరికైనా జ్వరం వచ్చినా అదే గొంతు. "నా మిషన్‌కి తొమ్మిదేళ్ళు. ఒక్కసారి తుమ్మలేదు" అనేవాడు.

మొదట్లో ప్లేట్లమ్మ ఆయన పెన్‌డ్రైవ్‌నీ చూసేది. ఆయన మూతి ముడుచుకునేవాడు. తర్వాత ఆయన కొడుక్కీ ఆమె కూతురికీ పెళ్ళి కుదిరింది. మాటలు ఖాయమైన రోజు, రెండు కుటుంబాలూ ఒక గదిలో కూర్చుని కాఫీలు తాగుతుండగా ఆయన నవ్వుతూ అందరికీ వినపడేట్టు అన్నాడు.

"ఇకనైనా నన్ను సోదా చెయ్యకుండా లోపలికి రానిస్తారా చెల్లెమ్మగారూ?"

గదంతా గొల్లుమంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"అయ్యో, ఎంతమాట అన్నయ్యగారూ!" అంది.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది. మర్నాటి నుంచి వియ్యంకుడి పెన్‌డ్రైవ్ బల్ల దగ్గర ఆగలేదు. సరాసరి లోపలికి వెళ్ళి పాత కంప్యూటరులో కూర్చునేది. అసలు మ్యాక్‌కి వైరస్ రాదని ఆయనే చెబుతున్నాడు, డిజైనరు కాబట్టి ఆయనకు తెలిసే ఉంటుంది, పైగా వియ్యంకుడు. ఇన్ని కారణాలుండగా అనుమానపడటం బాగుండదని ఆమె అనుకుంది.

రెండేళ్ళ తర్వాత పాత కంప్యూటరు పడకేసింది. ఒక పొద్దున తెరిచేసరికి ప్రతి ఫోల్డరు పక్కనా అదే పేరుతో కవల పిల్లలా ఇంకోటి. ఏది ముట్టుకున్నా గంట ఆలోచించేది. ప్లేటు సగం కాలి ఆగిపోయింది. డాక్టరు వచ్చి అంతా తుడిచేసి, లేజర్ యంత్రంతో వచ్చిన పాత సీడీతో మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాడు. రెండు రోజులు పని ఆగింది. నెల తిరక్కుండా మళ్ళీ అదే తంతు, ఈసారి మూడు రోజులు.

ఆ మూడు రోజుల్లో ప్రెస్సులో వైరస్ నిపుణులు పుట్టుకొచ్చారు. మేస్త్రీ ఏసీ చల్లదనం వల్లేనన్నాడు. ప్రూఫుల మాస్టారు తన పెన్‌డ్రైవ్‌ని స్పిరిట్‌లో ముంచిన దూదితో రోజుకు రెండుసార్లు తుడిచి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చేవాడు. "ఇంతకంటే శుభ్రంగా నా నోరు కూడా ఉండదు" అనేవాడు. గుమాస్తా మాత్రం కంప్యూటరుకి దిష్టి తగిలిందని, ఎవరో పైవాళ్ళ పనేనని, మేడ వైపు చూడకుండానే అన్నాడు. వియ్యంకుడు మామూలుగా మెట్లు దిగివచ్చి, "పాపం, విండోస్ కదా" అని వెళ్ళిపోయాడు.

ప్రొప్రయిటరు సోమవారం ఆమెను పిలిచాడు. పక్కన డాక్టరు ఉన్నాడు. చేతిలో ఆ సీడీ.

"చూడండమ్మా, ఎన్ని గీతలో. మొన్న ఏడోసారికి చదివింది. ఆ యంత్రం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఇంకో సీడీ దొరకదు. ఇంకొక్కసారి పడితే నేను లేపలేను" అన్నాడు డాక్టరు.

"విన్నారుగా. గురువారం మందుల కంపెనీ పని వస్తోంది" అన్నాడు ప్రొప్రయిటరు. "ముప్పై ఆరు ప్లేట్లు. అది మధ్యలో ఆగిందా, ఇక ప్లేట్లన్నీ బయట చేయించుకుంటాను. గదికి తాళం వేస్తాను. మీకు బైండింగులో చూద్దాం."

బైండింగంటే మడతపెట్టిన ఫారాలు వరసగా పేర్చడం. అదేం తప్పు పని కాదు. కానీ ఇరవై రెండేళ్ళు లేజర్‌తో అక్షరాలు కాల్చిన మనిషిని ఫారాలు పేర్చమంటే గుండెల్లో రాయి పడదా? ఆమె గదికి వచ్చి పొడుగాటి పుస్తకం తీసింది. కంప్యూటరు పడ్డ రెండుసార్లూ ముందురోజు పేజీలు చూసింది. మేస్త్రీ: శుభ్రం. మాస్టారు: శుభ్రం, స్పిరిట్ వాసన. గుమాస్తా: మూడు, చంపాను. లోపలికి వెళ్ళినవన్నీ కడిగిన ముత్యాలే. మరి పుస్తకంలో లేకుండా లోపలికి వెళ్ళింది ఏది? జవాబు తెలుస్తూనే ఉంది. తెలియనట్టుండటానికి ఆమె మధ్యాహ్నం దాకా చాలా కష్టపడింది.

ఇంటికి వెళ్ళాక మొగుడితో చెప్పింది. ఆయన దర్జీ. ముందుగదిలోనే మిషను.

"అన్నయ్యగారి పెన్‌డ్రైవ్ చూడాలి."

ఆయన మిషను తొక్కడం ఆపాడు. "ఏంటీ, వియ్యంకుడి జేబులు తడుముతావా?"

"జేబులు కాదయ్యా, పెన్‌డ్రైవ్."

"అది మాత్రం ఎక్కడ్నుంచొస్తుంది, జేబులోంచేగా?"

"నా గది పోతుంది. తెలుస్తోందా నీకు?"

ఆయన నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి అట్టముక్కకి గుచ్చాడు. "మొన్న ఆయనకి ప్యాంటు కొలత తీశానా? నడుము రెండంగుళాలు పెరిగింది. చెప్పానా? టేపు కుంచించుకుపోయింది బావగారూ అన్నాను. ఆయనా టేపుని తిట్టాడు."

"మరి ప్యాంటు?"

"పెరిగిన కొలతకే కుట్టాను. సరిగ్గా సరిపోయింది. కొలత కొలతే. తిట్లు టేపుకి."

ఆమె మొగుణ్ణి కాసేపు ఎగాదిగా చూసింది. పాతికేళ్ళ కాపురంలో ఆయన చెప్పిన పనికొచ్చే మాటల్లో ఇది రెండోదో మూడోదో.

గురువారం పొద్దున వియ్యంకుడు మెట్లు దిగాడు. మందు డబ్బాలో మడతలు పెట్టి దూర్చే కాగితాల పేజీలు తెచ్చాడు. ఎవరూ చదవని, చదివితే ఇక మందు వేసుకోబుద్ధి కాని కాగితాలవి. ఆమె గుమ్మంలోనే ఎదురెళ్ళి స్టూలు వేసి, అట్టకప్పులో కాఫీ చేతికిచ్చింది.

"ఇటివ్వండి అన్నయ్యగారూ. మా కంప్యూటరుకి ఈమధ్య చూపు ఆనడం లేదు. ముందు ఈ లాప్‌టాప్‌లో పెట్టి ఫైళ్ళు వరసగా సర్ది ఇస్తే గానీ చదవటం లేదు."

"పాపం, విండోస్ కదా" అంటూ ఆయన పెన్‌డ్రైవ్ ఇచ్చాడు.

ఆమె గుచ్చింది. తెర మీద వరసగా పేర్లు వచ్చాయి. మందు కాగితాల ఫోల్డరు ఒకటి. దాని కింద సరిగ్గా అదే పేరుతో ఇంకోటి. రెండోది ఫోల్డరు కాదు. ఫోల్డరు వేషం వేసుకున్న ప్రోగ్రాము. విండోస్ మీద అయితే పసుపుపచ్చ ఫోల్డరు బొమ్మతో కనపడి, రండి తెరవండి అంటుంది. తెరిస్తే ఇల్లంతా పాకుతుంది. ఇక్కడ లినక్స్ మీద దాని వేషం రక్తికట్టక, బూడిదరంగు కాగితంలా దిక్కులేకుండా పడి ఉంది. ఈ పసుపుపచ్చ ఫోల్డరుని తన చేత్తోనే, వియ్యంకుడిది కదా అని, రెండుసార్లు తెరిచింది.

ఆమె బిగుసుకుపోవడం చూసి ఆయన లేచి వచ్చాడు.

"ఏం చేస్తున్నారు చెల్లెమ్మగారూ? సర్దటమా, సోదానా?"

"సర్దుతూంటే కనపడిందండీ. ఇదేమిటి?"

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఓ, అదా? అది ఈమధ్య తరచుగా చూస్తున్నాను. కస్టమర్లు తెచ్చే ఫోల్డర్లలో ఉంటుంది. పనికిరాని ఫైలు, నా మిషన్ మీద తెరుచుకోదు."

"తెరుచుకోకపోతే తీసెయ్యొచ్చుగా?"

"కస్టమరు ఇచ్చిన ఫైల్లో ఒక్కటి కూడా తీసెయ్యను. అది నా పద్ధతి."

"మీ మిషన్ మీద తెరుచుకోదండీ. నా మిషన్ మీద తెరుచుకుంటుంది."

ఆయన ముఖం ఎర్రబడింది. "అంటే? వైరస్ నేను తెచ్చాననా? తొమ్మిదేళ్ళు! ఒక్కసారి తుమ్మలేదు నా మిషన్!"

గొంతు పెరిగేసరికి గుమ్మం దగ్గర జనం చేరారు. మేస్త్రీ వచ్చాడు. ప్లాస్టిక్ సంచితో మాస్టారు వచ్చాడు. నెల రోజులుగా అనుమానపు చూపులు భరించిన ఆయన పరమానందంగా, "తుమ్మకుండా అంటించేవాళ్ళే ప్రమాదమండీ. తుమ్మితే మేం పక్కకి తప్పుకుంటాం కదా" అన్నాడు. వియ్యంకుడు ఒంటికాలి మీద లేచాడు. ఈలోగా ప్రొప్రయిటరు వచ్చాడు, వెనకాల డాక్టరు.

"ఎవరిది?" అన్నాడు ప్రొప్రయిటరు.

అందరూ ఆమె వైపు చూశారు. ఆయనదేనంటే గది దక్కుతుంది. కానీ ఇంతమందిలో వియ్యంకుణ్ణి వేలెత్తి చూపడం ఎలా? ఆమె టేపు కోసం చుట్టూ చూసింది. తిట్టడానికి తగిన వస్తువు తను తప్ప కనపడలేదు.

"తప్పు నాదండీ. ఎవరిదైనా చూడందే లోపలికి తీసుకెళ్ళకూడదన్నది నా నియమం. రెండేళ్ళుగా ఒకరిది చూడటం మానేశాను. వియ్యంకుడని. చూసుంటే మొదటిరోజే దొరికేది. ఇవాళ చూశాను, దొరికింది. లోపలికి ఇంకా వెళ్ళలేదు."

ఇది కొలత తప్పకుండా చెప్పిన మాటే. కానీ వియ్యంకుడికి తిట్టుకంటే ఘోరంగా తగిలింది. ఇంతమందిలో తనొక్కడే మొహమాటం మీద లోపలికి వెళ్ళాడన్నమాట! రెండేళ్ళుగా అది తన మిషన్‌కి ఇచ్చిన మర్యాద అనుకున్నాడాయన.

"మొహమాటమా? నాకక్కర్లేదు మీ మొహమాటం! రండి, అందరూ రండి పైకి. డాక్టర్‌గారూ, నా మిషన్ని ఇప్పుడే ఇక్కడే పరీక్ష చెయ్యండి. ఒక్కటి దొరికితే అప్పుడు మాట్లాడండి."

అందరూ మేడెక్కారు. అంతమంది ఒక్కసారి ఆ గాజు గదిలోకి పోవడం ప్రెస్సు పుట్టాక అదే మొదలు. డాక్టరు ఏదో ప్రోగ్రాము ఎక్కించి మీట నొక్కాడు. తెర మీద అంకె కదిలింది. నాలుగు. ఇరవై ఒకటి. నూటరెండు. మేస్త్రీ పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టి, అంకెలు పరుగెత్తేసరికి ఊరుకున్నాడు. మూడు వందల నలభై దగ్గర ఆగింది. మాస్టారు సంచిలోంచి దూది తీసి డిజైనరుకి ఇవ్వబోయి, ప్రొప్రయిటరు చూపు తగిలి జేబులో పెట్టుకున్నాడు.

"ఇవన్నీ విండోస్‌వేనండీ" అన్నాడు డాక్టరు నెమ్మదిగా. "మీ మిషన్ని ఏమీ చెయ్యలేదు. తొమ్మిదేళ్ళ నుంచి కస్టమర్లవి వచ్చి చేరాయి. మీరు ఉత్త సత్రం నడిపారు."

వియ్యంకుడికి కాస్త ప్రాణం లేచొచ్చింది. "చెప్పానా? నా మిషన్‌ది ఒక్కటీ లేదు."

"ఒకటుందండీ. ఇది మ్యాక్‌దే. ఉచిత అక్షరాల సెట్టు ఏదో దించుకున్నప్పుడు దాంతో వచ్చింది. మీరు ఏం వెతికినా ఇది తనకు కావలసిన ప్రకటనలు చూపిస్తుంది. ఈమధ్య ఒకే ప్రకటన మళ్ళీ మళ్ళీ వస్తోందా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "కుర్చీ" అన్నాడు.

"ఏ కుర్చీ అండీ?"

"నడుం నొప్పి రాని కుర్చీ. రోజుకు నలభైసార్లు వచ్చేది. అంత మంచిదేమో అనుకుని..." ఆయన మాట పూర్తి చెయ్యలేదు. అందరి చూపులూ ఆయన కూర్చున్న కొత్త కుర్చీ మీదికి వెళ్ళాయి. ఆయన అందులోంచి మెల్లిగా లేచి నిలబడ్డాడు.

"మ్యాక్‌కి రాదన్నారే" అన్నాడు, ఎవరన్నారో చెప్పకుండా.

"తక్కువ వస్తాయండీ. రాకపోవడం అంటూ దేనికీ లేదు" అన్నాడు డాక్టరు.

ప్రొప్రయిటరుకి ఇవేవీ అక్కర్లేదు. "ఫైళ్ళు శుభ్రం చేసి ప్లేట్లు మొదలుపెట్టండి. సాయంత్రానికి కావాలి. అన్నీ సరిగ్గా వస్తే తాళం మాట ఎత్తను. రాకపోతే నన్ను మళ్ళీ పైకి పిలవకండి" అని మెట్లు దిగాడు.

ఆమె ఆ పేజీలను లాప్‌టాప్‌లో ఒకటికి రెండుసార్లు చూసింది. బూడిదరంగు కాగితాన్ని చంపింది. పుస్తకంలో తేదీ వేసి, "మేడ మీద డిజైనరుగారు: ఒకటి, చంపాను" అని రాసింది. సాయంత్రం అయిదుకల్లా ముప్పై ఆరు ప్లేట్లూ వచ్చాయి. ఒక్కటీ సగంలో ఆగలేదు. ప్రొప్రయిటరు వాటిని వెలుగులో ఎత్తి చూసి, "ఇక నుంచి కస్టమరు పెన్‌డ్రైవ్ కూడా ముందు మీ దగ్గరికే వస్తుంది, తర్వాతే మేడ మీదికి" అన్నాడు. ఆయన నోటివెంట వచ్చే మెచ్చుకోలు ఎప్పుడూ అదనపు పని రూపంలోనే ఉంటుంది. ఆమె తలూపింది. గది దక్కింది.

శుక్రవారం వియ్యంకుడు ఆమెతో మాట్లాడలేదు. శనివారం సెలవు పెట్టాడు. ఎన్నడూ సెలవు పెట్టని మనిషి! ఇంట్లో కూర్చుని ఏమంటున్నాడో, అమ్మాయి చెవిన ఏం పడుతోందో అని ఆమె పొద్దుటి నుంచీ ఒక ప్లేటుకి రెండు ప్లేట్లు పాడుచేసింది. పదకొండింటికి ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తితే వియ్యపురాలు.

"వదినగారూ, ఏం చేశారండీ మా ఆయన్ని?"

"అది కాదు వదినగారూ, అందరి ముందూ అలా..."

"పొద్దున్నుంచీ ఇంట్లో ఎవరి ఫోనూ ఎవరి దగ్గరా లేదు! అన్నీ భోజనాల బల్ల మీద వరసగా పెట్టించాడు. నాది ఆండ్రాయిడ్‌ట, మీ అమ్మాయిది ఐఫోన్‌ట, మీ అల్లుడిది విండోస్ లాప్‌టాప్‌ట. దేనికి ఏ రోగం వస్తుందో గంట నుంచి పాఠం. నా ఫోన్లో టార్చి లైటు యాప్ ఉండేదా, పీకేశాడు. లైటు వెయ్యడానికి దానికి నీ చుట్టాల నంబర్లన్నీ ఎందుకు అంటాడు. నాకేం తెలుసండీ, వెలుగుతోంది కదా అని ఊరుకున్నాను! మీ అమ్మాయి నవ్వితే, ఇంత పెద్ద ప్రమాదాన్ని నవ్వులాటనుకుంటున్నావా, మీ అమ్మని చూసి నేర్చుకో అంటాడు."

"ఏమన్నారూ?"

"మీ అమ్మని చూసి నేర్చుకో, ఆవిడ సొంత వియ్యంకుణ్ణి కూడా వదల్లేదు అన్నాడు. పొగడ్తో తెగడ్తో నాకు తెలియలేదు. పెరట్లోకి వచ్చి పక్కింటావిడ ఫోన్ అడిగి చేస్తున్నాను. మీరొక మాట చెప్పండి వదినగారూ, మీ మాటయితే వింటాడు."

వెనక నుంచి ఒక మగ గొంతు దగ్గరవుతూ వినిపించింది. "అదెవరి ఫోను? ఎప్పుడు అప్‌డేట్ చేశారు? ఇటివ్వు."

"ఇది మనది కాదండీ, పక్కింటి..."

"ఎవరిదైనా సరే!"

లైను తెగింది. పక్కింటావిడ ఫోను కూడా భోజనాల బల్ల మీదికి చేరిందని ప్లేట్లమ్మకు అర్థమైంది. ఆమె ఫోను పక్కన పెట్టి, లేజర్ యంత్రంలోకి కొత్త రేకు ఎక్కించింది.